బాలానగర్ బడి మూతపడ్డాక

హైదరాబాద్ మందుల పరిశ్రమ ఘనతంతా వ్యాపారవేత్తల తెగువ ఖాతాలో వేయడం మనకు అలవాటు. తెగువ ఉన్న మాట నిజమే. అది మరెన్నో ఊళ్లలో ఉన్నా ఇంత పరిశ్రమ ఇక్కడే ఎందుకు పుట్టింది? జవాబు కోసం 1960ల నాటి బాలానగర్‌కు వెళ్లాలి.

సోవియట్ సాయంతో ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ అక్కడ సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు పెట్టింది. అప్పటికే తార్నాకలో ప్రాంతీయ పరిశోధనశాల ఉంది, నేటి ఐఐసీటీ అదే. వీటికి 1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ల చట్టం తోడైంది. మందు మీద పేటెంటు ఇవ్వడం మానేసి, తయారీ పద్ధతికి మాత్రమే, అదీ ఏడేళ్లకు మించకుండా ఇచ్చారు. అదే మందును వేరే దారిలో చౌకగా చేయగల కెమిస్టుకు రాత్రికి రాత్రి గిరాకీ వచ్చింది. ఆ కెమిస్టులు ఐడీపీఎల్ షిఫ్టుల్లో పని నేర్చుకుని సిద్ధంగా ఉన్నారు. అక్కడ ఉద్యోగం చేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. ఐడీపీఎల్‌ను 1992లో ఖాయిలా పరిశ్రమగా తేల్చారు. సరే, అది తయారుచేసి బయటికి పంపిన మనుషుల విలువను ఏ పద్దులో రాశారు?

ఐడీపీఎల్ అనే ఆ బడిలో ఏం నేర్పేవారో చూస్తే దాని లోటు తెలుస్తుంది. ప్రయోగశాలలో లీటరు గాజు కుప్పెలో బుద్ధిగా నడిచిన రసాయన చర్య వేల లీటర్ల రియాక్టర్‌లో మొండికేస్తుంది. పాత్ర పెరిగేకొద్దీ లోపల పుట్టిన వేడి బయటికి పోయే దారి ఆ లెక్కన పెరగదు. రియాజెంట్‌ను ఎంత నెమ్మదిగా వదలాలి, థర్మామీటరు ముల్లు ఎక్కడికొస్తే చార్జింగ్ ఆపాలి, సాల్వెంట్ ఉన్న పాత్రలో నైట్రోజన్ ఎందుకు నింపి ఉంచాలి అనేవి తెలిసిన ఆపరేటర్ పక్కన నెలల తరబడి నిలబడితేనే వంటబడతాయి. కొత్త పద్ధతి కనిపెట్టడం సగం పనే. దాన్ని బ్యాచ్ తరవాత బ్యాచ్ తేడా రాకుండా తీసేవాడు లేకపోతే ఆ పద్ధతి కాగితం మీదే ఉండిపోతుంది.

2005లో మందుల మీద పేటెంట్లు తిరిగొచ్చాయి. ఐడీపీఎల్ ఆవరణలోనే 2007లో ఫార్మా విద్యాసంస్థ నైపర్ మొదలై పీజీలకు, పీహెచ్‌డీలకు చోటు దొరికింది. ఆపరేటర్‌కు మాత్రం ఏ బడీ రాలేదు. నేడు చాలా ప్లాంట్లలో ఆ పని చేస్తున్నది ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు. నేర్పాల్సింది కాంట్రాక్టరా, కంపెనీయా అన్నది ఎవరికీ పట్టదు. నేర్పితే పక్క కంపెనీ ఎగరేసుకుపోతుందన్న భయం యాజమాన్యాలది, అది పూర్తిగా అబద్ధమూ కాదు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా ప్లాంటు ప్రమాదంలో 17 మంది చనిపోయారు. మరుసటి ఏడాది పాశమైలారం ప్లాంటు ప్రమాదంలో 40 మందికి పైగా పోయారు. ప్రతి ప్రమాదానికీ దాని కారణం దానిదే, అన్నిటినీ శిక్షణ లోపానికి చుట్టడం న్యాయం కాదు. కానీ ప్రమాద సంకేతాన్ని ముందుగా పసిగట్టాల్సింది రియాక్టర్ పక్కనున్న మనిషే కదా!

నేర్పినవాణ్ని పక్క కంపెనీ ఎగరేసుకుపోతుందన్న భయాన్ని జర్మనీ చట్టంతో తీర్చుకుంది. అక్కడ రసాయన ప్లాంటు ఆపరేటర్‌కు మూడున్నరేళ్ల శిక్షణ ఉంటుంది. వారంలో కొన్ని రోజులు కంపెనీలో, మిగతావి బడిలో. చివరి పరీక్ష పెట్టేది పరిశ్రమల చాంబర్. అందులో సభ్యత్వం ప్రతి కంపెనీకీ తప్పనిసరి కాబట్టి పరీక్ష ఖర్చును అందరూ మోస్తారు, సర్టిఫికెట్‌ను అందరూ గుర్తిస్తారు. మనకూ 1961 నుంచి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే చోట కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లు ఉండాలంటుంది. 2014 సవరణ ఉల్లంఘనకు జైలుశిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టింది. చాలాచోట్ల అప్రెంటిస్ అంటే తక్కువ జీతానికి దొరికే అదనపు చేయి, అంతే.

తెలంగాణ స్కిల్స్ యూనివర్సిటీ పెట్టింది, ఐటీఐలను ఆధునికీకరిస్తోంది. మంచిదే. అయితే భవనాల కన్నా ముందు ఒక బేరం కుదరాలి. పటాన్‌చెరు, జీడిమెట్ల, ఏపీలోని పరవాడ కంపెనీలు టర్నోవరును బట్టి ఒక ఉమ్మడి నిధికి డబ్బు కట్టాలి. పరీక్ష తామే పెట్టాలి. నెగ్గినవాడికి, కాంట్రాక్టరు కింద ఉన్నాసరే, జీతం పెంచాలి. ఈ చివరి షరతు దగ్గరే బేరం తెగిపోతుందని నా అనుమానం. ఆయా రాష్ట్ర ప్రభుత్వాలు తమ బలాన్ని చూపించాల్సిందీ అక్కడే: పర్మిట్లు, స్థలాలు, నీళ్లు, కరెంటు రాయితీలు ఇచ్చేది అవే కాబట్టి.