కోసేది మిషను, నిలబెట్టేది కుట్టు

ఈ వారం మూడు ఉత్తరాలు ఒకే దారిలోంచి వచ్చాయి. ఒకటి మదనపల్లె, ఒకటి పుంగనూరు, ఒకటి కుప్పం. బస్సెక్కితే పలమనేరు, వి.కోట మీదుగా వరసగా తగిలే ఊళ్లే. రాసిన ముగ్గురికీ ఒకరికొకరు తెలీదు. అడిగింది మాత్రం ఒకే సంగతి: కాగితం మీద కుట్టు, ఎలక్ట్రానిక్ కటింగ్ మిషను. అందుకే ఈసారి మన శీర్షిక మొత్తం వాళ్లకే.

కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక్క ముక్క. ఈ కటింగ్ మిషను చూడటానికి ప్రింటర్ లాగే ఉంటుంది. ఇంకు బదులు చిన్న బ్లేడు ఉంటుంది. జిగురు పూసిన మ్యాట్ మీద కాగితం అంటించి లోపలికి పెడితే, మ్యాట్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది, బ్లేడు అడ్డంగా కదులుతుంది. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో గీసిన బొమ్మ కాగితం మీద తెగుతుంది. క్రికట్, సిలౌట్ అనే కంపెనీల పేర్లు మీరు వీడియోల్లో వినే ఉంటారు.

ముందు మదనపల్లె ఉత్తరం. నీరుగట్టువారిపల్లె నుంచి ఒక చెల్లెలు రాసింది. ఇంట్లో పట్టు మగ్గం ఉంది. "అక్కా, మిగులు పట్టు పోగులు శానా పడుండాయి. పాత జకార్డు అట్టలు కూడా అటక మీద ఉండాయి. కాగితం పనికి ఏమన్నా వస్తాయా?"

చెల్లీ, నీ అటక మీద ఉన్నది ఈ కటింగ్ మిషనుకు ముత్తాత! ఫ్రాన్సులో లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ అనే ఆయన 1804 ప్రాంతంలో తయారుచేసిన పద్ధతి అది. అట్టకు రంధ్రం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. రంధ్రం లేనిచోట పోగు కిందే ఉంటుంది. ఒక్కో అట్ట ఒక్కో పేకకు. అట్టలన్నిటినీ తాడుతో వరసగా కుట్టి దండలా వేలాడదీస్తారు. అంటే బొమ్మను రంధ్రాలుగా మార్చి, కాగితపు అట్ట మీద కొట్టి, దారంతో కుట్టి మిషనుకు ఇవ్వడం. తర్వాత రోజుల్లో ఇదే రంధ్రాల అట్ట అమెరికాలో 1890 జనాభా లెక్కలకూ, ఆ తర్వాత కంప్యూటర్లకూ వెళ్లింది. కాబట్టి కాగితం, దారం, మిషను కలిసి పనిచేయడం మీ వీధికి కొత్తేమీ కాదు.

ఆ అట్టలు నోటు పుస్తకాలకు మంచి పైఅట్టలవుతాయి. రంధ్రాల అందం ఎలాగూ ఉంది, వెనక రంగు కాగితం అంటిస్తే చాలు. లోపలికి 8 కాగితాలు సగానికి మడిస్తే 16 ఆకులు. మడత మీద మూడు రంధ్రాలు: ఒకటి నడిమధ్య, పైనా కిందా అంచుకు అంగుళం లోపల ఒక్కోటి. దారం పుస్తకం పొడవుకు రెండున్నర రెట్లు తీసుకో. లోపలి నుంచి మధ్య రంధ్రంలో సూది బయటికి తియ్యి. పై రంధ్రంలోంచి లోపలికి పంపు. లోపలే మధ్య రంధ్రాన్ని దాటించి కింది రంధ్రంలోంచి బయటికి తియ్యి. మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి తెచ్చి, పొడుగ్గా సాగిన పోగుకు రెండు కొసలూ చెరో పక్క ఉండేట్టు ముడి వెయ్యి. అయిపోయింది. పట్టు జారుతుంది కాబట్టి నాలుగైదు పోగులు పురి పెట్టి, తేనెమైనం మీద రెండుసార్లు లాగాకే సూదికి ఎక్కించు. మామూలు ముడి నిలవదు, రెండు ముళ్లు వెయ్యి.

మనం పుస్తకాన్ని గ్రంథం అంటాం కదా, ఆ మాటకు మూలార్థమే కట్టడం, ముడివేయడం. తాటాకులకు రంధ్రం చేసి తాడు కట్టిన రోజుల మాట అది.

రెండో ఉత్తరం కుప్పం నుంచి, డిగ్రీ చదివే అమ్మాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే అన్న మిషను కొనిచ్చాడట. "అక్కా, ‘శుభాకాంక్షలు’ అని కోస్తే వత్తులు, సున్నా అన్నీ రాలిపోతా ఉండాయి. చేతి కాగితం పెడితే అంచులు పీచులు పీచులుగా వస్తా ఉండాది. ఇంగ్లీషు అక్షరాలు బాగానే తెగుతా ఉండాయి. తెలుగుకు ఈ మిషను పనికిరాదా?"

పనికొస్తుందమ్మా. మన అక్షరాలది గుండ్రటి ఒళ్లు, పైగా ముక్కలు ఎక్కువ. ప, స లాంటివాటి తలకట్టు ఒంటికి అంటుకోకుండా విడిగా ఉంటుంది. వత్తులు కింద వేరుగా ఉంటాయి. సున్నా సరేసరి. అందుకే ముందు లావు అక్షరం ఎంచుకో. గూగుల్ ఫాంట్లలో రామభద్ర లాంటి లావు తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. అందులో అక్షరాలను ముందు పాత్‌గా మార్చి, తర్వాత యూనియన్ కొట్టు. లేకపోతే గుణింతం గీత అక్షరం మీదికి ఎక్కినచోట బ్లేడు రెండుసార్లు తిరిగి అక్షరాన్నే నరికేస్తుంది. విడిగా ఉన్న తలకట్టుకూ వత్తుకూ సన్నటి వంతెన గీసి ఒంటికి కలుపు. అక్షరం ఆకారంలో కాగితానికి కిటికీ తియ్యాలంటే లోపలి బొట్టు రాలకుండా అక్కడా వంతెన కావాలి.

ఇంకో దారి కూడా ఉంది, నాకు ఎక్కువ ఇష్టం. రాలిన ముక్కల్ని రాలనీ! అట్ట మీద వాటి చోట్లో చుక్క జిగురుతో నిలిపి, అక్షరాల మధ్యగా ఒకే కుట్టు ఈ కొస నుంచి ఆ కొసకు వెయ్యి. వత్తుల మీదుగా ఇంకో వరస. దండ గుచ్చినట్టు ఉంటుంది.

ఇక పీచు సంగతి. చేతి కాగితం మన దేశంలో ఎక్కువగా నూలు గుడ్డ పేలికల నుంచే తయారవుతుంది. బనియన్ల ఫ్యాక్టరీల్లోనూ బట్టలు కుట్టేచోటా మిగిలిన ముక్కలే దానికి ముడిసరుకు. జైపూర్ పక్కన సాంగనేర్ ఈ పనికి పేరుపడ్డ ఊరు. గాంధీగారితో కలిసి గ్రామ పరిశ్రమల కోసం పనిచేసిన జె.సి. కుమారప్ప పేరు మీద అక్కడ చేతి కాగితం సంస్థ కూడా ఉంది. గుడ్డలోంచి వచ్చింది కాబట్టి పీచు పొడుగు. సూదికి అది వరం, కుట్టు దగ్గర తొందరగా చిరగదు. బ్లేడుకు మాత్రం తలనొప్పి. వేగం బాగా తగ్గించు, ఒకే చోట రెండుసార్లు కోయించు. ప్రతిసారీ మూలలో చిన్న చతురస్రం కోసి చూశాకే అసలు బొమ్మకు పో. చతురస్రం శుభ్రంగా ఊడి వస్తే సరిపోయినట్టు. జిగురు తగ్గిన పాత మ్యాట్ వాడు. కాగితాన్ని పట్టి లాగొద్దు. మ్యాట్‌ను బోర్లించి, మ్యాట్‌నే మెల్లగా వంచుతూ కాగితం మీద నుంచి తియ్యి.

మూడోది పుంగనూరు ఉత్తరం. దీన్ని చివరికి ఉంచుకున్నాను, ఎందుకంటే ఇది డబ్బు సంగతి. రాసినామె నాకన్నా పెద్దావిడ, జాకెట్లు కుడుతుంది. "అమ్మా, పెండ్లి కవర్లు, సంచులు కాగితంతో కుట్టిస్తే బాగా పోతాయని మా చిన్నాయన కూతురు చెప్తా ఉండాది. సంఘంలో లోను తీసి ఆ కటింగ్ మిషను కొనేద్దామంటుంది. కొనేదా, వద్దా?"

అక్కా, కాగితం పెన్ను తీసుకోండి. మిషను 30 వేలు అనుకుందాం. 24 నెలల్లో తీర్చాలంటే నెలకు 1,250 రూపాయలు, వడ్డీ వేరే. కవరు 15 రూపాయలకు అమ్మి, కాగితం, దారం, జిగురు కలిసి 7 రూపాయలు అయ్యాయనుకుంటే మిగిలేది 8. అంటే నెలకు 157 కవర్లు అమ్మితే అసలు మాత్రం తీరుతుంది. ఇంకా మీ కూలీ రాలేదు. బ్లేడు అరుగుతుంది, మ్యాట్ జిగురు పోతుంది, ఆ ఖర్చూ లెక్కలోకి రాలేదు. ఆ గంటల్లో మీరు కుట్టే జాకెట్ల డబ్బు ఎంతో అది కూడా పక్కన రాసుకోండి.

మీ పక్కనే కుప్పంలో ఒక సంగతి జరిగింది. 2002లో హెచ్‌పీ కంపెనీ అక్కడ ఐ-కమ్యూనిటీ అని ఒక కార్యక్రమం పెట్టింది. అందులో మహిళా సంఘాల సభ్యులకు డిజిటల్ కెమెరాలు, వెంట తీసుకుపోయే ప్రింటర్లు ఇచ్చి గ్రామ ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. ఊళ్లలో ఫొటోలు తీసి సంపాదించారు. తర్వాత అందరి ఫోన్లోకీ కెమెరా వచ్చేసింది. మిషనుకు వయసు తొందరగా అయిపోతుందక్కా. మనిషికి మనిషి ఫొటో తీయడం, బేరం మాట్లాడటం, లెక్క రాసుకోవడం, అవి మాత్రం పాతబడవు. అందుకే మిషను కన్నా ముందు గిరాకీ చూసుకోమంటాను.

మొదటి 100 కవర్లు మీ దగ్గరున్న కుట్టుమిషనుతోనే చెయ్యండి. కోయడానికి పేపర్ కటర్, స్టీలు స్కేలు చాలు. 14 నంబరు కొత్త సూది పెట్టి, అది కాగితానికే ఉంచండి. కాగితం కుట్టిన సూది మొద్దుబారుతుంది, జాకెట్ గుడ్డను పాడుచేస్తుంది. కుట్టు పొడుగ్గా, 3 నుంచి 4 మిల్లీమీటర్లు పెట్టుకోండి. కుట్టు దగ్గరైతే కాగితం స్టాంపుల షీటులా చిరిగిపోతుంది. మొదట్లో, చివర్లో వెనక్కి కుట్టొద్దు. దారాలు వెనక వైపుకు లాగి ముడెయ్యండి. నూనె వేసిన రోజు కాగితం ముట్టుకోవద్దు, మరక పడితే పోదు. సాయంత్రం బాబిన్ కేసు తీసి కాగితపు దుమ్ము బ్రష్‌తో దులపండి. మోటారు కన్నా కాలితో తొక్కే మిషనే దీనికి మేలు, మలుపుల దగ్గర నిదానం మీ చేతిలో ఉంటుంది.

ఆ 100 కవర్లు చేసేటప్పుడు గడియారం చూసి రెండు లెక్కలు రాసుకోండి. కోయడానికి ఎంతసేపు, కుట్టడానికి ఎంతసేపు. అసలు జవాబు అక్కడే ఉంది. కోతకే ఎక్కువ పడితే మిషను మీకు కాలం మిగులుస్తుంది. కుట్టుకే ఎక్కువ పడితే 30 వేలు పెట్టినా రోజుకు చేసే కవర్లు పెద్దగా పెరగవు, కోసిన ముక్కలు కుప్పపడతాయి అంతే.

ఇంకో మాట. ఇలాంటి పనుల్లో మిషను ఉన్నవాళ్లు కవరుకు రేటు కట్టి, కుట్టినామెకు రూపాయో రెండో చేతిలో పెట్టడం నేను చూశాను. కోత ఎవరి మిషనైనా ఒకేలా కోస్తుంది. బజార్లో ఆ కవరును చేత్తో పట్టి చూసేది కుట్టు కోసం. కాబట్టి ఎవరితో కలిసి చేసినా, ముక్కకు ఇంత అని కాకుండా, అమ్మిన ధరలో ఇంత వాటా అని ముందే మాట్లాడుకోండి. రాసుకోండి. సొంతవాళ్లయితే ఇంకా స్పష్టంగా రాసుకోండి.

అసలు కొనకుండా కూడా పని జరుగుతుంది. కుప్పం అమ్మాయి మిషను కాలేజీ ఉన్నంతసేపూ ఖాళీగా ఉంటుంది. మదనపల్లె చెల్లెలి దగ్గర పట్టు పోగుల మూట ఉంది. పుంగనూరు అక్క చేతిలో కుట్టు ఉంది. ముగ్గురినీ అడిగి, సరేనన్నాకే ఫోన్ నంబర్లు ఒకరివి ఒకరికి ఇచ్చాను. షీటుకు ఇంత అని కోత కూలీ ఇచ్చి కోయించుకుంటే లోను అక్కర్లేదు. నెల నెలా ఆర్డర్లు వచ్చి, ఆ కూలీయే కంతు కన్నా ఎక్కువైన రోజున ముగ్గురూ కలిసి ఇంకోటి కొనొచ్చు.

మీ ఊళ్లో మగ్గాల అట్టలు, టైలరు షాపు పేలికలు, పాత పెళ్లిపత్రికలు ఏం దొరుకుతాయో చూసి రాయండి. వచ్చే వారం పెళ్లిపత్రికల అట్టతో, జిగురు లేకుండా కుట్టుతోనే నిలిచే చిన్న పెట్టె చేద్దాం. కత్తెర, సూది, దారం సిద్ధంగా ఉంచుకోండి. మిషను అక్కర్లేదు.