కొట్టు అద్దెదైనా బోర్డు మనదే కావాలి



చిన్న వ్యాపారాలన్నీ ఆన్‌లైన్‌లోకి రావాలని సభల్లో తరచూ వింటున్నాం. వచ్చినవాళ్ళు తమ పేజీ ఎక్కడ పెట్టుకోవాలి, ఆఫర్ల మెయిళ్ళు ఎక్కడి నుంచి పంపాలి అన్నది మాత్రం వివరంగా చెప్పేవారు తక్కువ. ఏలూరులో దుకాణాలకు వెబ్ పేజీలు చేసిపెట్టి బతికేవాణ్ణి. అందుకే నా గిట్టుబాటుకు కొంత నష్టమైనా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

హోస్టింగ్, అంటే పేజీని ఉంచే చోటు, ఎవరి దగ్గర కొన్నా ఫరవాలేదు. వెబ్ చిరునామా, అంటే డొమైన్ పేరు మాత్రం వ్యాపారి పేరున, అతని సొంత మెయిల్, ఫోన్ నంబరుతోనే రిజిస్టరు కావాలి. అద్దె కొట్టు మారినా బోర్డు పీకి వెంట తీసుకుపోతాం, డొమైన్ అలాంటిది. ఇక్కడ జరుగుతున్నది వేరు. 'డొమైన్, హోస్టింగ్, మెయిల్ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ' అని ఏజెంటు తన ఖాతాలోనే అన్నీ కొంటాడు. రేపు అతను ఊరు మారినా, ఫోన్ ఎత్తకపోయినా దుకాణం చిరునామా అతనితోనే పోతుంది.

పెద్ద కంపెనీ ఉచితంగా ఇచ్చిందని ధీమా పడటానికీ లేదు. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్ ద్వారా చిన్న దుకాణాలకు ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. పాత చిరునామా నొక్కినవారిని జూన్ 10 వరకు ప్రొఫైల్‌కు మళ్ళించి, ఆ తర్వాత అదీ మానేసింది. ఆ చిరునామాను విజిటింగ్ కార్డుల మీద, సంచుల మీద అచ్చేయించుకున్నవారికి మిగిలింది చిత్తు కాగితమే. సొంత డొమైన్ ఉన్నవారు మాత్రం పేజీని మరో చోటికి మార్చుకుని, అదే చిరునామాతో వ్యాపారం సాగించుకోవచ్చు.

పేజీ విషయానికొస్తే, ఒక్క ఆఫరు, నాలుగు ఫొటోలు, ఒక ఫోన్ నంబరు ఉన్న పేజీకి నెలనెలా డబ్బు పోసే సర్వర్ అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ పెడితే దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే మనిషి కావాలి. చేయకపోతే హ్యాకర్ల పాలవుతుంది. మామూలు స్టాటిక్ పేజీకి ఆ బాధ లేదు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వంటివి దాన్ని ఉచితంగానే ఉంచుతాయి. గిట్‌హబ్ పేజెస్ కూడా ఉచితమే కానీ, వ్యాపార సైట్లు నడపడానికి కాదని దాని నిబంధనల్లోనే రాసి ఉంది. పేజీ తేలికగా ఉండటం వల్ల ఇంకో లాభమూ ఉంది. శీతాకాలంలో కొల్లేటి ఆటపాకకు పక్షుల్ని చూడటానికి వచ్చేవారు బస కోసం దారిలో ఫోన్‌లోనే వెతుక్కుంటారు. కొల్లేటి గట్ల మీద సిగ్నల్ పలచబడిన చోట పెలికాన్ల ఫొటోలతో బరువెక్కిన పేజీ తెరుచుకోదు. అలాంటి చోట తేలికైన పేజీయే బేరం తెస్తుంది.

మెయిల్‌ది వేరే లెక్క. చవక షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే ఐపీ చిరునామా మీద బోలెడన్ని సైట్లు ఉంటాయి. అందులో ఒకడు స్పామ్ పంపినా మన మెయిల్ కూడా జంక్‌లో పడవచ్చు. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలు బిగించాయి. రోజుకు జీమెయిల్ ఖాతాలకు 5,000కు పైగా మెయిళ్ళు పంపేవారికి, మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఏర్పాట్లు మూడూ ఉండాలని, ప్రచార మెయిళ్ళలో ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలు ఇవ్వాలని జీమెయిల్ షరతు పెట్టింది. తక్కువ పంపేవారికీ మొదటి రెండింటిలో ఒకటైనా తప్పదు. కనుక పేజీ ఒక చోట, ప్రచార మెయిల్ ఆ పనికే ఉన్న సేవలో మరో చోట పెట్టుకోవడం మేలు. ఆ మెయిళ్ళకు ఒక సబ్‌డొమైన్ కేటాయిస్తే, వాటికి చెడ్డపేరు వచ్చినా బిల్లులు పంపే అసలు మెయిల్‌కు ఆ మచ్చ అంటుకునే ప్రమాదం తగ్గుతుంది.

వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో రోజువారీ బేరానికి వాట్సాప్ చాలు, ఒప్పుకుంటాను. ఏలూరు తివాచీని, నరసాపురం లేసును విదేశాలకు అమ్మాలంటే కొటేషన్ మెయిల్లోనే అడుగుతారు. పైగా వాట్సాప్ ఖాతాను ఎప్పుడైనా నిలిపేసే అధికారం ఆ కంపెనీదే. కస్టమర్ల జాబితా మన దగ్గర విడిగా ఉండాలి. అది వాళ్ళ సమ్మతితో తయారైనదై ఉండాలి, బజార్లో కొన్నది కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సారాంశం కూడా అదే.

ఇవన్నీ నేర్పగలవారు దగ్గర్లోనే ఉన్నారు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ (జాతీయ సాంకేతిక విద్యాసంస్థ) ఉంది. జిల్లా పరిశ్రమల కేంద్రాలు, వర్తక సంఘాలు అక్కడి విద్యార్థులతో కలిసి వ్యాపారులకు ఒక పూట శిక్షణ ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు. ఈలోగా సైటు ఉన్న ప్రతి వ్యాపారీ తన డొమైన్ ఖాతా ఎవరి పేరున ఉందో, రెన్యువల్ ఎప్పుడో, మొదటి ఏడాది తగ్గింపు పోయాక ధర ఎంతో ఏజెంటును రాతపూర్వకంగా అడగాలి. పేరు తనది కాకపోతే గడువు తీరకముందే బదిలీ చేయించుకోవాలి.

— ఒక పాఠకుడు, పవర్‌పేట, ఏలూరు