పెద్దలకు మరల బడి

ఉద్యోగవిరమణ సభలు మన పట్టణములలో తఱచుగా జరుగుచున్నవి. శాలువ కప్పుదురు, పూలదండ వేయుదురు, నాలుగు మంచిమాట లాడి యింటికి సాగనంపుదురు. మఱునాడు ఉదయము పది గంటలకు ఆ పెద్దమనిషి యెక్కడికి పోవలెనో మాత్ర మెవ్వరును చెప్పరు. విరమణ వయస్సును తెలంగాణమున 2021లో 61 ఏండ్లకు, ఆంధ్రప్రదేశమున 2022లో 62 ఏండ్లకు పెంచిరి. అయినను ఆ దినము రాక మానదు. వచ్చిన పిమ్మట మిగులు కాలము చిన్నది కాదు. అందు కొంత కోర్టు వసారాలలో గడచుచుండుట మేము చూచుచునే యున్నాము. నలుబదియేండ్లు జ్ఞాపకమునకు రాని గోడతగవు, తీరిక దొరకినంతనే దావాగా మాఱుచున్నది. మా వృత్తికిది లాభమే. ఐనను చెప్పక తప్పదు.

ఆ తీరికకు మేమొక చోటు చూపదలచితిమి. అది యింటి చేరువనున్న ప్రాథమిక పాఠశాల.

2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ననుసరించి, 60 మందివఱకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఉపాధ్యాయు లిద్దఱు. తరగతులు మాత్రమైదు. ఇద్దఱును రెండు తరగతులకు పాఠము చెప్పుచుండగా తక్కిన మూడు తరగతులును నోటుపుస్తకములపై తలలు వంచుకొని వేచియుండవలసినదే. అసర్ అను పేర వెలువడు పరిశీలనలో, 2024లో దేశమందలి పల్లెలలోని ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు సగముమందియైనను లేరు. ఈ పిల్లలు చదువుచుండగా ప్రక్కన కూర్చుండి వినువారు లేరు.

మేము మొదట పోయిన దినమున చేసిన పని తలచుకొన్న నేటికిని సిగ్గగును. న్యాయస్థానమున అలవాటైన కంఠముతో దేశసేవనుగూర్చి అరగంట ఉపన్యసించితిమి. ముందువరుసలోని చిన్నది చేయెత్తినది. సందేహ మడుగబోవుచున్నదని సంతోషించితిమి. “గంటెప్పుడు కొడతారండీ?” అని యడిగినది.

అటుపిమ్మట నోరు మూసికొని వినుట నేర్చితిమి. నాలుగవ తరగతి బాలు డొకడు గుణింతము తప్పులేకుండ చదువును. ఒత్తు కనబడిన చోట నిలిచిపోవును. అందింపబోయిన మాటను నాలుకచివర నాపుకొని, వాని వ్రేలు అక్షరముక్రింద కదలువఱకు ఓపికపట్టుట అలవడుటకు మాకు రెండు నెలలు పట్టినది. ఒక సాయంకాలము బస్సు లాగుచోట వాడు తల్లి చేయి విడిపించుకొని, వచ్చుచున్న బస్సు నుదుటి పలకను చూచి “మ… చి… లీ… ప… ట్నం!” అని యఱచెను. ట క్రింద నున్న నవత్తును తానే విప్పుకొనెను. వ్యాజ్యములు గెలిచిన దినములు మాకును కొన్ని కలవు. వానిలో దేనికిని ఆ రాత్రివలె నిద్ర దూరము కాలేదు.

మాతో వచ్చువారిలో విశ్రాంతి పొందిన సర్వేయరుగా రొకరు. ఆయన పాత గొలుసు నొకదానిని తెచ్చి (66 అడుగులు, 100 లింకులు) బడి వాకిలిని పిల్లలచేతనే కొలిపించిరి. ఎకరమునకు 100 సెంట్లు, సెంటునకు 435.6 చదరపుటడుగులు అని నల్లబల్లపై వ్రాసిన దినమున తల కెక్కనిది, గొలుసు నీడ్చిన దినమున తెలిసినది. ఒక బాలిక తన యింటిని కొలుచుకొని వచ్చి, “తాతయ్యా, మా యిల్లు అర సెంటు కూడా లేదు” అనెను. ముప్పదియేండ్లు ఇతరుల భూములు కొలిచిన ఆ మనిషి కొంతసేపు మాటాడలేదు. పిమ్మట ఆమెచేత లెక్కను రెండుమాఱులు చేయించి, సరిగానే యున్నదని చెప్పిరి.

ముదిమి యీ పనికి అడ్డమనువారు గిడుగు వేంకట రామమూర్తిగారిని తలచుకొందురు గాక. 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగనే సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. 1911లో కళాశాల కొలువు విడిచిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. అప్పటి కాయనకు 75 ఏండ్లు. వాడుకభాషకై పోరాడిన ఆ మహాశయుని ఈ గ్రాంథికమున స్మరించుట సాహసమే, క్షమింతురు గాక.

ప్రభుత్వము చేయవలసిన పనిని మీరేల నెత్తి కెత్తుకొందురని మిత్రులు కొంద ఱడుగుచున్నారు. అడుగవలసిన ప్రశ్నయే. ఉపాధ్యాయుల ఖాళీలు నింపుట ప్రభుత్వపు విధి. పింఛనుదారు డొకడు వచ్చుచున్నాడుగదా యని ఖాళీని అట్లే యుంచిన అధికారికి మొదట ఎదురు చెప్పవలసినవాడు ఆ పింఛనుదారుడే. జనాభాలెక్కలకు, విపత్సహాయమునకు, ఎన్నికలకు దప్ప ఉపాధ్యాయుని చదువునకు సంబంధింపని పనులకు పంపరాదని చట్టము 27వ సెక్షనున నున్నది. అది జరుగుచున్నదో లేదో, వారమునకు మూడుమాఱులు బడిలో కూర్చుండు పెద్దకంటె మంచి సాక్షి యెవడు?

పోవువారు ప్రధానోపాధ్యాయుల యనుమతితోనే పోవలెను. అందఱి కన్నులయెదుట, తరగతిలోనో వసారాలోనో కూర్చుండవలెను. ఉపాధ్యాయుని తప్పులు పిల్లలముందు దిద్దరాదు. బెత్తమును ఉపన్యాసమును ఇంటనే విడిచి రావలెను. రెండవదానిని విడుచుటయే కష్టము. దినము విడిచి దినము ఒక గంట చాలును. కాని వచ్చెదనన్న దినమున రాకున్న, పిల్లలు గుమ్మమువైపే చూచుచుందురు.

వేసవి సెలవుల పిమ్మట జూనులో బడులు తెఱతురు. సర్వేయరుగారు గొలుసు తుప్పు వదలించుచున్నారు. ఈమాఱు చెఱువుగట్టు కొలువవలెనని పిల్లలు కోరినారట. గొలుసు రెండవ కొన పట్టుకొనుటకు మఱొకరు కావలెను.