కషాయానికీ ఇన్సూరెన్స్.. కొరియాలో తెగని అజీర్తి పంచాయితీ!

కొంచెం తిన్నా కడుపు నిండిపోయినట్టు ఉంటుంది.. గంటలు గడిచినా తిన్నది అరగదు.. ఎండోస్కోపీ చేయిస్తే మాత్రం అంతా నార్మల్! దీన్నే డాక్టర్లు ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. కడుపు కదలికలు మందగించడం దీనికి ఒక కారణం. దక్షిణ కొరియాలో ఈ సమస్యకు మూలికల కషాయం తాగడం పాత అలవాటే. ఇప్పుడు ఆ బిల్లులో కొంత భాగాన్ని ప్రభుత్వ ఆరోగ్య బీమా కడుతోంది. గొడవంతా అక్కడే మొదలైంది.

అసలు ఏం మారింది?

కొరియాలో అల్లోపతి డాక్టర్లు వేరు, 'హనుయిసా' అనే సంప్రదాయ వైద్యులు వేరు. ఇద్దరి లైసెన్సులూ వేర్వేరు. కొన్ని మూలికా పొడులకు 1987 నుంచే బీమా ఉంది. కానీ రోగిని చూసి విడిగా కాచి ఇచ్చే కషాయానికి జేబులోంచే కట్టాల్సి వచ్చేది. 2020 నవంబర్‌లో నెలసరి నొప్పి, ముఖ పక్షవాతం వంటి 3 సమస్యలకు ప్రయోగాత్మకంగా బీమా ఇచ్చారు. 2024 ఏప్రిల్‌లో ఈ లిస్టులోకి ఫంక్షనల్ డిస్పెప్సియా కూడా చేరింది. చిన్న క్లినిక్‌కు వెళ్తే రోగి కట్టేది 30 శాతమే. ఒక సమస్యకు ఏడాదికి 20 రోజుల మందు వరకు ఈ సౌకర్యం ఉంటుంది.

డాక్టర్లు ఎందుకు వద్దంటున్నారు?

పని చేస్తుందని, ప్రమాదం లేదని తేల్చకుండా ప్రజల సొమ్ము ఎలా ఇస్తారన్నది వాళ్ల ప్రశ్న. 2020 ఆగస్టులో డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు వ్యతిరేకించిన 4 విధానాల్లో ఇదీ ఒకటి. జనం ఎలాగూ వాడుతున్నారు, బీమా ఉంటే ఖర్చు తగ్గుతుందని సంప్రదాయ వైద్యుల వాదన.

ఇక్కడో ట్విస్ట్ ఉంది!

మూలికలతోనే తయారైన మోటిలిటోన్ అనే మాత్రకు కొరియాలో 2011లోనే అనుమతి వచ్చింది. కొరిడాలిస్ దుంప, మార్నింగ్ గ్లోరీ గింజల సారమే ఇందులోని మందు. ఇటోప్రైడ్ అనే మామూలు మందుతో పోల్చి ట్రయల్స్ చేశారు. అయితే మూలికలతో చేసిన ఈ మాత్రను రాస్తున్నది అల్లోపతి డాక్టర్లు! అంటే మూలికలు మంచివా కాదా అన్నది ఒక్కటే కాదు.. పరీక్షకు నిలబడ్డాయా, రాసే హక్కు ఎవరిది అన్నదే అసలు తగువు.

మాత్రలో మోతాదు ఎప్పుడూ ఒకటే కాబట్టి పరీక్షించడం తేలిక. కషాయం మనిషిని బట్టి మారుతుంది. ఎవరికి ఏది పని చేసిందో తేల్చడం కష్టం.

నేచురల్ అయితే సేఫేనా?

కాదు. అజీర్తికి ఇచ్చే చాలా కషాయాల్లో అతిమధురం ఉంటుంది. అది మోతాదు మించితే ఒంట్లో పొటాషియం తగ్గి, బీపీ పెరగొచ్చు. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా ముట్టకూడదు. బరువు తగ్గుతున్నా, నల్లటి విరేచనం అయినా, మింగడం కష్టమైనా కషాయంతో కాలయాపన చేయొద్దు. వెంటనే పరీక్షలు చేయించుకోవాలి.

తర్వాత ఏంటి?

ఈ ప్రయోగం గడువు 2026 చివరి వరకు. ఈలోగా బీమా కింద కషాయం తాగినవాళ్లలో ఎందరికి నయమైంది, ఎందరికి వికటించింది అన్న లెక్కలు పక్కాగా బయటపెడితేనే ఈ పంచాయితీ తెగుతుంది. లేదంటే బిల్లు తగ్గినా రోగి అనుమానం మాత్రం తీరదు.