వేగానికి ఇంజిన్ సాకా?

ఎక్స్‌ప్రెస్‌వేల మీద 140 కిలోమీటర్లు, నాలుగు వరుసల రోడ్ల మీద కనీసం 100, రెండు వరుసల రోడ్ల మీద 80, నగరాల్లో 75. కార్ల వేగ పరిమితి ఇలా ఉండాలని కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2021 అక్టోబరులో ఒక సదస్సులో చెప్పారు. త్వరలో పార్లమెంటులో బిల్లు పెడతామనీ, కోర్టు తీర్పుల వల్లే ఇన్నాళ్లూ ఏమీ చేయలేకపోయామనీ అన్నారు. వేగం పెరిగితే ప్రమాదాలు పెరుగుతాయన్న ఆలోచనా ధోరణి మన దేశంలో ఉందన్నది ఆయన ఫిర్యాదు. అది ధోరణి కాదు, ఆయన శాఖ ఏటా అచ్చువేస్తున్న లెక్క. 2019లో దేశంలోని రోడ్ల మీద 1,51,113 మంది చనిపోతే, వారిలో 1,01,699 మందిని బలి తీసుకున్నది అతివేగమేనని ఆ శాఖ నివేదికే రాసింది.

ఎక్స్‌ప్రెస్‌వేల సంగతి పక్కన పెడదాం. రెండువైపులా కుక్క కూడా రాకుండా అడ్డుకట్టలు కట్టామని మంత్రి చెబుతున్న రోడ్లవి. ఉభయ గోదావరి జిల్లాల్లో అప్పటికి అలాంటి రోడ్డు ఒక్కటీ లేదు. మనల్ని భయపెడుతున్నది ఆ జాబితాలోని మూడో అంకె, రెండు వరుసల రోడ్ల మీద 80. వేగ పరిమితులు పెంచుతూ కేంద్రం 2018లో ఇచ్చి, తర్వాత మద్రాసు హైకోర్టు కొట్టేసిన నోటిఫికేషన్ సైతం డివైడర్ లేని రోడ్ల మీద కార్లను 70 దాటనివ్వలేదు. 2021లో గడ్కరీ దానికి మరో పది కలపాలన్నారు.

ఎందుకు కలపాలి? 2018లో పెంచినప్పుడు కేంద్రం చూపిన కారణమూ, హైకోర్టులో వినిపించిన కారణమూ ఒకటే. ఇంజిన్ల సాంకేతికత మెరుగైంది, రోడ్లు బాగుపడ్డాయి. రోడ్ల మాట ఈ జిల్లాల వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2021 గాంధీ జయంతి నాడు ధవళేశ్వరం బ్యారేజీ మీది గుంతలు పూడ్చడమే పెద్ద రాజకీయ రగడ అయింది. ఇంజిన్ మాటను మాత్రం వదిలిపెట్టడానికి వీల్లేదు. వినగానే శాస్త్రీయంగా తోచే ఆ మాట జనాన్ని తప్పుదోవ పట్టిస్తోంది.

ఇంజిన్ ఉన్నది బండిని పరిగెత్తించడానికి. 1983లో వచ్చిన మారుతి 800 శక్తి 40 హార్స్‌పవర్‌కు లోపే. ఇవాళ మధ్యతరగతి కుటుంబం కొనే చిన్న కారుకే 80, 90 హార్స్‌పవర్ ఉంటోంది. వంద అందుకోవడం దానికి కష్టమే కాదు. కానీ ఆ బండిని ఆపాల్సింది ముందు డ్రైవరు కన్ను, తర్వాత అతని కాలు, చివరికి టైరుకూ తారుకూ మధ్య ఉన్న పట్టు. అడ్డం వచ్చిన మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి 1983లో ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ అంతే పడుతుంది. బ్రేకులూ మెరుగయ్యాయి, ఏబీఎస్ వచ్చింది, కాదనం. చక్రాలు బిగుసుకుపోకుండా అది కాపాడుతుంది. తారు మీద లేని పట్టును మాత్రం తెచ్చిపెట్టలేదు.

లెక్క వేసి చూద్దాం. రోడ్డు పొడిగా ఉంది, టైర్లు కొత్తవి, డ్రైవరు ఒక్క సెకనులో బ్రేకు తొక్కాడు. 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు సుమారు 37 మీటర్లలో ఆగుతుంది. అదే కారు 80తో వస్తే 57 మీటర్లు కావాలి. ఇరవై మీటర్లే కదా అనిపించవచ్చు. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండో కారు ఎంత వేగంతో ఉంటుందో చూడండి. బ్రేకు తొక్కే ఉన్నా ఇంకా దాదాపు 60తో పోతూ ఉంటుంది. 37 మీటర్ల దూరంలో సైకిలు మీద రోడ్డు దాటుతున్న బడిపిల్ల మొదటి కారు నుంచి బతికి ఇంటికి వెళుతుంది. రెండో కారు ఆ పిల్లను 60 కిలోమీటర్ల వేగంతో గుద్దుతుంది. రెండు కార్లకూ ఇంజిన్ ఒకటే.

ఈ సంగతి మంత్రిత్వ శాఖకు తెలియదా? బాగా తెలుసు. 2019 జూలై 1 తర్వాత తయారైన ప్రతి కారులోనూ వేగం 80 దాటగానే హెచ్చరిక మోగాలని, 120 దాటితే ఆగకుండా మోగుతూనే ఉండాలని నిబంధన పెట్టింది ఈ శాఖే. మన కార్లకు తప్పనిసరి చేసిన ఢీకొట్టుడు పరీక్ష ఎంత వేగం దగ్గర జరుగుతుంది? ఎదురుగా అయితే 56 కిలోమీటర్లు, పక్క నుంచి అయితే 50. కారు 80 మీద ఉన్నప్పుడు తాకిడిలో ఉండే శక్తి ఆ 56 దగ్గర ఉన్నదానికి రెట్టింపు. లోపల కూర్చున్నవారికి 56 దగ్గర మాత్రమే హామీ చూసుకున్న ప్రభుత్వం, రెండువైపుల నుంచీ బండ్లు ఎదురెదురుగా వచ్చే రోడ్డు మీద 80తో పొండని ఏ ధైర్యంతో చెబుతోంది?

ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఢిల్లీలో బిల్లు రాసేవారు ఒకసారి వచ్చి చూడాలి. కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం మీదుగా ఒంగోలు పోయే 216 జాతీయ రహదారి మన జిల్లాల్లో చాలా మేర రెండు వరుసలే. రాజమహేంద్రవరం నుంచి కడియం, ద్వారపూడి, అనపర్తి మీదుగా కాకినాడ పోయే కెనాల్ రోడ్డుకు ఒక పక్క కాలువ, రెండో పక్క ఇళ్ల గుమ్మాలు. డెల్టాలో ఊళ్లు కాలువ గట్టును పట్టుకునే పెరిగాయి కాబట్టి రోడ్డంటే ఊరి నడివీధే. ఏటా సార్వా మాసూళ్లు వస్తాయి. కళ్లాలు చాలక రైతులు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. రాశి చెదరకుండా అంచున బండరాళ్లు పేరుస్తారు, చీకటి పడ్డాక వాటిని మరిచిపోతారు. వెనక ఎర్రలైటు లేని ట్రాక్టరు ట్రక్కులు, ఆడకూలీలను కిక్కిరిసి ఎక్కించుకున్న ఆటోలు, అంబాజీపేట కొబ్బరి లారీలు, భీమవరం చేపల లారీలు అన్నీ ఆ రెండు వరుసల్లోనే. ఆ ఆటోలో వెళ్లే కూలీకి ఎదుటి కారు ఎన్ని హార్స్‌పవర్లదైనా ఒరిగేది ఏముంది?

ఖాళీగా ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద 40 కిలోమీటర్ల పరిమితి బోర్డులు పెట్టి జరిమానాలు గుంజడం అన్యాయమన్న మాట నిజమే, అలాంటి బోర్డులు సరిదిద్దాలి. రాంగ్ రూట్ డ్రైవింగూ, తాగి నడపడమూ ప్రాణాలు తీస్తున్నాయన్నదీ నిజమే. కానీ రెండు వరుసల రోడ్ల మీద వేగం పెంచడానికి అవేవీ కారణాలు కావు.

2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రతా సదస్సుకు మన దేశం తరఫున వెళ్లింది గడ్కరీయే. పాదచారులూ సైకిళ్లూ వాహనాలతో కలిసి తిరిగే చోట వేగం 30కి మించరాదన్నది ఆ సదస్సు ప్రకటన. 2018లో ఫ్రాన్సు తన రెండు వరుసల గ్రామీణ రోడ్ల మీద పరిమితిని 90 నుంచి 80కి దించింది. కొన్ని ప్రాంతాలు తర్వాత మళ్లీ 90కి వెళ్లాయి. అయినా ఆ రోడ్ల మీద ధాన్యం ఆరదు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాలు నాలుగు శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. ప్రజల భద్రత కోసం ఏ రోడ్డు మీదనైనా పరిమితి తగ్గించే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది. సార్వా మాసూళ్లు మొదలయ్యేలోగా కాలువ గట్టు రోడ్ల మీదా, 216 రహదారి ఊళ్ల గుండా పోయే చోట్లా ఆ అధికారాన్ని వాడి, బోర్డులు పాతి, అమలు చేయాలి. ధాన్యం ఆరబోతకు ఊరూరా కళ్లాలు కట్టించే బాధ్యతా ప్రభుత్వానిదే.

ఇక బిల్లు సంగతి. కాకినాడ, అమలాపురం, రాజమహేంద్రవరం, నరసాపురం, ఏలూరు ఎంపీలు ఏ పార్టీలో ఉన్నా ఈ విషయంలో ఒక్క మాట మీద నిలబడాలి. మెరుగైన ఇంజిన్ల కారణాన్ని ప్రభుత్వం సభలో మళ్లీ వినిపిస్తే, ఆ ఇంజిన్లున్న కార్లను 80 వేగంతో ఢీకొట్టించి చేసిన పరీక్ష ఫలితాన్ని బల్ల మీద పెట్టమని అడగాలి. అది పెట్టేదాకా రెండు వరుసల రోడ్ల క్లాజుకు ఓటు వేయకూడదు.