దున్నదూడ పెంపకం గిట్టుబాటేనా?

గేదె ఈని పెయ్యదూడ పుడితే ఇంట్లో సంబరం, దున్నదూడ పుడితే నిట్టూర్పు. ట్రాక్టర్లు వచ్చాక దున్నపోతుతో పని లేకపోయింది. దూడ తాగే పాలు కేంద్రానికి పోస్తే డబ్బు వస్తుంది. కనుక దున్నదూడకు పొదుగు దక్కడం లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గేదెజాతి పశువులు సుమారు 11 కోట్లు. అందులో మగవి కోటికి లోపే. పుట్టుకలో ఆడ, మగ దాదాపు సమానమే కదా! పాలు లేక, ఏలికపాముల బెడదతో కొన్ని చనిపోతుంటే, మిగిలినవి అయినకాడికి చేతులు మారుతున్నాయి.

మరోవంక గేదెమాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలో ముందు వరుసన ఉంది. మరి ఆ లాభంలో పల్లెకు వాటా ఎంత?

లెక్క వేసి చూద్దాం. రెండు నెలలు రోజుకు 2 లీటర్ల పాలు, లీటరు రూ.60 అనుకుంటే రూ.7,200. తరువాత 16 నెలలు రోజుకు 2 కిలోల దాణా, కిలో రూ.25 చొప్పున రూ.24,000. మొత్తం రూ.31,200. పుట్టినప్పుడు 30 కిలోలున్న దూడ రోజుకు అరకిలో చొప్పున పెరిగితే ఏడాదిన్నరకు 300 కిలోలు తూగుతుంది. అంటే బతికున్న పశువు కిలోకు రూ.104 పలికితేనే పెట్టుబడి చేతికొస్తుంది. గడ్డి, కూలి, చావు నష్టం దీనికి అదనం. దాణా అంతా కొని మేపే రైతుకు ఇది గిట్టుబాటు కావడం కష్టమే.

సొంత గట్ల మీద సుబాబుల్, వరి మాగాణిలో పిల్లిపెసర, అలసంద పెంచి దాణాను సగానికి తగ్గించగలిగితే పెట్టుబడి కిలోకు రూ.64కు దిగుతుంది. పుట్టిన పది రోజులకు ఏలికపాముల మందు తాగించడం, గాలికుంటు టీకా వేయించడం మరువరాదు. ఈ రెంటికీ అయ్యే ఖర్చు స్వల్పం, తప్పే నష్టం పెద్దది.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. 1977 నాటి గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం ప్రకారం ఆవునే కాదు, గేదెదూడను కూడా వధించరాదు. ఎదిగిన దున్నకైనా అధికారి ధ్రువపత్రం ఉండాలి. ఈ చిక్కును సాకుగా చూపి దళారి ధర తగ్గిస్తాడు. పైగా సంతలో బేరం కంటిచూపు మీదే సాగుతుంది, కాటా మీద కాదు. అరకిలో టమాటాకు తూకం ఉంది, 300 కిలోల పశువుకు లేదు.

దున్నదూడలను కాపాడి పెంచేందుకు 11వ పంచవర్ష ప్రణాళికా కాలంలో కేంద్రం ఒక పథకం పెట్టింది. పథకాలకన్నా ముందు ప్రతి పశువుల సంతలో తూకపు కాటా పెట్టించడం అవసరం. బరువు తెలియనంత కాలం మేత ఖర్చు రైతుది, లాభం దళారిది. మార్కెట్ కమిటీలు దీనిపై దృష్టి సారించవలసి ఉంది. రైతు కూడా దాణా బస్తా కొనేముందు ఒకసారి లెక్క రాసుకోవడం మంచిది.