రెండు సిటీ కాలేజీలు, ఒక ఖాళీ మైదానం

ఉగాది సంచికకి ఏదైనా రాయమని సంపాదకులు ఫోన్ చేసినప్పుడు "పండగ గురించి రాయనా?" అని అడిగాను. "పచ్చడి మీద ఇప్పటికే నాలుగు వ్యాసాలు వచ్చాయండీ, మీరు ఇంకేదైనా రాయండి" అన్నారు. అందుకని ఆటల గురించి రాస్తున్నాను. కాస్త ఘాటుగా వుంటే చేదు పాలు ఎక్కువైందని సరిపెట్టుకోండి.

నేను చదివింది హైదరాబాదు సిటీ కాలేజీలో. మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కన, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో 1921లో లేచిన ఎర్రటి భవనం. మొదట అది సిటీ హైస్కూలు. 1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఇంటర్మీడియెట్ తరగతులు వచ్చి సిటీ కాలేజీ అయింది. ఆ గుమ్మటాలనీ, ఆ కమానులనీ చూడటానికి ఇప్పుడు కెమెరాలతో వస్తున్నారట. మేం చదివే రోజుల్లో వాటివంక కన్నెత్తి చూసినవాడు లేడు. మా కళ్ళన్నీ కిటికీలోంచి మైదానం మీదే వుండేవి.

1984లో ఎం.ఎస్. చెయ్యటానికి డెట్రాయిట్ వచ్చి వేన్ స్టేట్ యూనివర్సిటీలో చేరాను. మీలో చాలామంది అక్కడి నుంచే బయటపడ్డారు కాబట్టి క్యాస్ ఎవెన్యూ మీద గడియారం గోపురంతో నిలబడే ఓల్డ్ మెయిన్ భవనం వర్ణించనక్కరలేదు. మొదటి వారం ఏవో కాగితాలు సరిచూస్తూ ఒక పెద్దాయన "ఎక్కడ చదివావు?" అని అడిగాడు. "సిటీ కాలేజీ" అన్నాను. ఆయన నవ్వి, "ఇదీ సిటీ కాలేజీయే, తెలుసా?" అన్నాడు. నిజమే. 1917లో ఆ భవనంలోని సెంట్రల్ హైస్కూల్లో జూనియర్ కాలేజీగా మొదలై, 1923లో డెట్రాయిట్ సిటీ కాలేజీ అయింది. 1934లో వేన్ యూనివర్సిటీ అయింది. పేరులో 'స్టేట్' చేరింది 1956లో. అంటే నేను పదివేల మైళ్ళు వచ్చి మళ్ళీ సిటీ కాలేజీలోనే చేరానన్నమాట!

ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళుగా రెండు కాలేజీల ఆటల కథా అప్పుడప్పుడు తవ్వుకుంటూ వచ్చాను.

మా సిటీ కాలేజీ పూర్వ విద్యార్థులూ అప్పటి విద్యార్థులూ కలిసి ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. పేరు 'ఎలెవెన్ హంటర్స్'. పదకొండు మంది వేటగాళ్ళు! అందులో ఆడినవారిలో ఒకరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది కదా, ఆ రహీం సాబే. ఆయన వృత్తి బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకి పాఠాలు చెప్పుకున్న మనిషి. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం బాధ్యత తీసుకున్నారు, తరువాత సిటీ పోలీసు జట్టుకి కోచ్ అయ్యారు. ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయనకి క్యాన్సర్. మరుసటి ఏడు జూన్‌లో పోయారు.

ఈ విజయాలు మీకు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. నాకు నచ్చినవి వేరే. రహీం సాబు కుర్రాళ్ళకి వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలికింద వుంచుకుని తిప్పటానికి వీల్లేదు, అందగానే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో బలం లేని కాలితోనే తన్నాలి. ఖర్చు? ఒక బంతి. సికింద్రాబాదు పక్క అమ్ముగూడ నుంచి వచ్చిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం, రోజూ హైదరాబాదు దాకా రావటానికి డబ్బుల్లేవంటే, సైకిలు అద్దె తాను ఇస్తానన్నారు. ఆ సైకిలు కుర్రాడు మెల్‌బోర్న్ వెళ్ళాడు, నాలుగేళ్ళకి రోమ్ ఒలింపిక్స్‌లోనూ ఆడాడు. మన దేశం కన్న గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు. 2023లో కన్నుమూశాడు.

నా రోజుల్లో కూడా సాయంత్రం నాలుగున్నర దాటితే మైదానానికి పాత విద్యార్థులు వచ్చేవారు. ఒకాయన బ్యాంకు గుమాస్తా, ఒకాయన ఏ.జీ. ఆఫీసు. ప్యాంటు మడిచి, బూట్లు గోడపక్కన విడిచి, మమ్మల్ని తిడుతూ ఆడించేవారు. వాళ్ళకి జీతం లేదు, సర్టిఫికెట్టు లేదు. మాకు ఫీజు లేదు. 'సిటీ కాలేజీ ఓల్డ్ బాయ్స్' అన్న జట్టు పేరు విని ముసలివాళ్ళ జట్టేమో అని మొదట నవ్వుకున్నాను. ఆ పేరులోనే కిటుకంతా వుందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక్కడి సిటీ కాలేజీ కథ చూడండి. 1917లో డేవిడ్ హోమ్స్ అనే ఆయన ఆటల బాధ్యత తీసుకుని, 1958 దాకా, అంటే నలభై ఏళ్ళకి పైగా, పరుగు పందాల జట్టుని నడిపాడు. మిచిగన్ చలి మీకు చెప్పాలా? లోపల పరుగెత్తటానికి ట్రాక్ లేదు. ఓల్డ్ మెయిన్ వరండాల్లోనే పరుగెత్తించాడు! మేం క్లాసుకి ఆలస్యమై పరుగెత్తిన ఆ వరండాల్లోనే. నల్లజాతి విద్యార్థులకి చాలా చోట్ల తలుపులు మూసి వున్న కాలంలో తన జట్టులోకి తీసుకున్నాడు. వాళ్ళలో లొరెంజో రైట్ అనే డెట్రాయిట్ కుర్రాడు 1948 లండన్ ఒలింపిక్స్‌లో నాలుగు వందల మీటర్ల రిలేలో స్వర్ణం గెలిచాడు. ముందు తప్పు జరిగిందని ఆ జట్టుని తప్పించి, తరువాత ఫిల్మ్ వేసి చూసి పతకం తిరిగి ఇచ్చారు. ఆ రైట్ తరువాత డెట్రాయిట్ బడుల ఆటల వ్యవహారాలు చూసే ఉద్యోగంలో చేరి, ఇదే వూరి పిల్లలకే పనిచేశాడు. ఇక్కడా ఓల్డ్ బాయ్ తిరిగి వచ్చాడన్నమాట.

కత్తియుద్ధం సంగతి కూడా చెప్పాలి. హంగరీ నుంచి వలస వచ్చిన ఇస్త్వాన్ డనోషి అనే గురువు వేన్ స్టేట్‌లో ఆ జట్టుని తయారు చేశాడు. ఆయనా, ఆయన తరువాత వచ్చినవారూ కలిసి 1975 నుంచి 1984 లోపల ఆరుసార్లు జాతీయ విజేతలుగా నిలబెట్టారు. కార్ల ఫ్యాక్టరీల వూళ్ళో కత్తియుద్ధం! వలస వచ్చినవాడు తనతో తెచ్చుకున్న విద్యని వూరి పిల్లల చేతిలో పెట్టాడు. మనమూ వలస వచ్చినవాళ్ళమే కదా.

హైదరాబాదు ఫుట్‌బాల్ తరువాత ఎందుకు చితికిపోయిందని అడిగితే, కలకత్తా క్లబ్బులు మంచి ఆటగాళ్ళని ఎగరేసుకుపోయాయనీ, క్రికెట్ పిచ్చి ముదిరిందనీ, మైదానాలు తగ్గాయనీ చెబుతారు. అన్నీ నిజమే. నా లెక్కలో ఇంకొకటి వుంది. సాయంత్రం నాలుగున్నరకి బూట్లు విడిచే పెద్దవాళ్ళు తగ్గిపోయారు. మా బ్యాచ్‌లో ఆడటం వచ్చినవాళ్ళం పదకొండు మందిమి వుంటే, ఆరుగురం వీసా స్టాంపు పడగానే విమానం ఎక్కేశాం. మైదానానికి తిరిగి రావలసిన ఓల్డ్ బాయ్స్ ఫార్మింగ్టన్ హిల్స్‌లో, నోవైలో, ట్రాయ్‌లో లాన్ కోసుకుంటున్నారు.

పోనీ, ఇక్కడైనా ఆ పని చేశామా? నా ఇంటి సంగతే చెబుతాను. మా అమ్మాయి పదేళ్ళు టెన్నిస్ ఆడింది. వేలకి వేలు ఫీజులు కట్టాం. శనివారం పొద్దున్నే ఒహాయో దాకా కారు తోలుకెళ్ళిన రోజులు లెక్కే లేదు. కాలేజీ సీటు వచ్చినట్టు ఉత్తరం అందిన రోజు రాకెట్టు గరాజ్‌లో పెట్టింది. "ఏమ్మా, ఆడవా?" అంటే, "అప్లికేషన్ అయిపోయింది కదా నాన్నా" అంది. కోపంతో కాదు, ఆశ్చర్యంతో అంది. అంత తేలిక సంగతి నాకు ఎందుకు అర్థం కాలేదా అని! ఆ రాకెట్టు ఇంకా అక్కడే వుంది. తప్పు దానిది కాదు. ఆటంటే అప్లికేషన్‌లో ఒక గడి అని నేర్పింది మేమే.

మన సంఘం మాత్రం? పాటలకి, నాట్యాలకి, భోజనాలకి లోటు లేదు. ఆటలంటే వేసవి పిక్నిక్‌లో ఒక పూట తాడు లాగటం, ఒక వాలీబాల్ మ్యాచ్, ఆ తరువాత అందరికీ ట్రోఫీలు. ట్రోఫీలకి పెట్టే ఖర్చుతో ఏడాదికి సరిపడా బంతులు వస్తాయి. ఈ మాట కార్యవర్గంలో నా మిత్రులకి నచ్చదని తెలుసు. అయినా అంటున్నాను.

మన వూళ్ళోనే హారిసన్ హైస్కూలు వుండేది. జాన్ హెరింగ్టన్ అనే ఒకే కోచ్ కింద పదమూడుసార్లు రాష్ట్ర ఫుట్‌బాల్ (ఇక్కడి ఫుట్‌బాల్, చేతులతో ఆడేది) టైటిళ్ళు గెలిచిన బడి. 2019లో మూసేశారు. ఆ భవనాన్ని నగరం తీసుకుని బాగు చేసి, ఆ జట్టు పేరు మీదే 'ది హాక్' అని 2021లో అందరి కోసం తెరిచింది. బడి పోయినా గద్ద పేరు మిగిలింది. మా పిల్లలు అక్కడ ఈతకి వెళతారని చెప్పుకుంటాం కానీ, మనవాళ్ళం ఎంతమందిమి అక్కడ ఇంకొకరి పిల్లల కోసం నిలబడ్డాం?

నేను అడిగేది పెద్ద పని కాదు. మే నుంచి సెప్టెంబరు దాకా వారానికి రెండు సాయంత్రాలు. ఫీజు వద్దు, ట్రోఫీ వద్దు, యూనిఫాం అసలే వద్దు. సభ్యుల పిల్లలకే అన్న గీత కూడా వద్దు, పక్కింటి పిల్లలూ రావచ్చు. ఇంటి దగ్గర కారు లేని పిల్లవాడిని తీసుకురావటానికి ఒకరు. అది మన సైకిలు అద్దె. రిటైరైనవాళ్ళం మనలో ఇప్పుడు తక్కువేమీ లేం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లెక్క రాయవచ్చు.

ఇంతవరకు చదివి మా ఆవిడ, "అంతా ఓల్డ్ బాయ్సేనా? ఓల్డ్ గర్ల్స్ ఎక్కడండీ?" అంది. కోఠీ ఉమెన్స్ కాలేజీలో టెన్నికాయిట్ ఆడిన మనిషి. రింగు పట్టుకోవటం ఈ దేశంలో ఒక్క పిల్లకీ రాదని ఆవిడ బాధ. సరే, బుధవారం ఆవిడది, శుక్రవారం నాది.

రెండు బంతులు, ఒక పంపు, మూడు రబ్బరు రింగులు కారు డిక్కీలో పెట్టేశాను. వాన పడితే ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు. వరండాలు వున్నవాళ్ళు ఎవరైనా వుంటే ఫోన్ చెయ్యండి.